ఊపిరికి వదిలిన జాగాలోంచి.. హుడినీ

విడీ ఘర్కుల్‌లో బట్ట గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. సాంచాల మీద చాదర్లు, టవళ్లు నేసే చేతులు ఇక్కడ గల్లీ గల్లీకీ ఉన్నాయి. ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మలు కూడా గుడ్డను రెండు వేళ్ల మధ్య రుద్ది దాని నాణ్యం చెప్పేస్తారు. కట్టుకోవడానికి, కప్పుకోవడానికి, తుడుచుకోవడానికి.. బట్టకు మనకు తెలిసిన పనులివి. మనిషిని కదలకుండా బిగించడానికే కుట్టిన బట్ట కూడా ఒకటుంది. దాన్ని స్ట్రెయిట్ జాకెట్ అంటారు. మందపాటి క్యాన్వాసు, మీద తోలు పట్టీలు, ఉక్కు బకిళ్లు. మానసిక రోగులకు తొడిగేవారు. అదే అంగీని జనం ముందు తొడిగించుకుని, మళ్లీ తనంతట తానే విడిపించుకుని ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నవాడు హ్యారీ హుడినీ. జాతరలో గొలుసులు కట్టుకుని విప్పుకునే గారడీవాళ్లు కూడా ఆ పేరు తలుచుకుంటారు. ఆ పేరు వెనక ఉన్న మనిషి పేరు రాకముందు చేసిన కొలువు మాత్రం గుడ్డ కత్తిరించడం!

రబ్బీ కొడుకు.. టైల ఫ్యాక్టరీలో

హుడినీ అసలు పేరు ఎరిక్ వైస్. 1874 మార్చి 24న హంగేరీలోని బుడాపెస్ట్‌లో యూదుల ఇంట్లో పుట్టాడు. తండ్రి మేయర్ శామ్యూల్ వైస్ రబ్బీ, అంటే యూదుల మతగురువు. తండ్రి ముందుగా అమెరికా వెళ్లి, విస్కాన్సిన్ రాష్ట్రంలోని యాపిల్టన్ అనే చిన్న ఊళ్లో కొలువు సంపాదించుకున్నాడు. 1878లో తల్లి సిసీలియా పిల్లల్ని వెంటబెట్టుకుని ఓడెక్కి ఆయన దగ్గరికి చేరింది. పెద్దయ్యాక హుడినీ, తాను యాపిల్టన్‌లోనే ఏప్రిల్ 6న పుట్టానని చెప్పుకునేవాడు. వచ్చిన ఊరినే పుట్టినూరుగా చెప్పుకోవాలన్న ఆశ కాబోలు. కరీంనగర్, నల్గొండ, పాలమూరు నుంచి మగ్గం పనికి షోలాపూర్ చేరిన ఇళ్లల్లో మూడో తరం పిల్లలకు ఈ ఆశ అర్థమవుతుంది.

ఆ కొలువు నిలవలేదు. 1882లో పోయింది. కుటుంబం మిల్వాకీకి, అక్కణ్నుంచి 1887లో న్యూయార్క్‌కు మారింది. రబ్బీగా బతికిన మనిషి చివరికి నెక్‌టైలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. కొడుకు కూడా అదే ఫ్యాక్టరీలో, టైల లోపలి గుడ్డ కోసే అసిస్టెంట్ కట్టర్‌గా రెండున్నరేళ్లు చేశాడు. 1891 ఏప్రిల్‌లో మానేశాడు. మరుసటి ఏడాది తండ్రి కన్నుమూశాడు.

రెండున్నరేళ్లు కత్తెర పట్టినవాడికి కొన్ని సంగతులు చెప్పకుండానే వస్తాయి. గుడ్డ పడుగు వెంట లాగితే సాగదు, క్రాస్‌గా లాగితే సాగుతుంది. కుట్టు ఎక్కడ బలంగా ఉంటుంది, ఎక్కడ లొంగుతుంది.. వేళ్లకే తెలిసిపోతుంది. హుడినీ జీవితం రాసినవాళ్లు ఈ టైల ఫ్యాక్టరీని ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. అంత తేలిగ్గా దాటేయాల్సింది కాదని మన షోలాపూర్ వాళ్లకు అనిపించడం సహజం.

గారడీ పిచ్చి ఫ్యాక్టరీలో ఉండగానే పట్టుకుంది. ఫ్రాన్స్‌కు చెందిన రాబర్ట్ హుడెన్ అనే ఇంద్రజాలికుడి ఆత్మకథ చదివి, ఆయన పేరుకు ఒక అక్షరం తగిలించి హుడినీ అయ్యాడు. 1894లో బెస్ అనే అమ్మాయిని పెళ్లాడాడు. ఆమె కూడా స్టేజీ ఎక్కేది. ఇద్దరూ సర్కస్సులు, చిన్నచిన్న థియేటర్లు పట్టుకుని తిరిగారు. రోజుకు లెక్కలేనన్ని ఆటలు, చేతికొచ్చేది అంతంతమాత్రం.

కిటికీ చువ్వల్లోంచి చూసింది..

1896లో ఒక గారడీ బృందంతో కలిసి కెనడా తూర్పు తీరం వెళ్లాడు. సెయింట్ జాన్ అనే ఊళ్లో మానసిక రోగుల ఆసుపత్రి పెద్ద డాక్టర్ స్టీవ్స్ పరిచయమై, ఆసుపత్రి చూడ్డానికి రమ్మన్నాడు. వార్డులన్నీ తిప్పి చివర్లో ఒక గది చూపించారు. గోడలకు, నేలకు మెత్తలు వేసిన గది. చిన్న కిటికీ, దానికి చువ్వలు. లోపల ఒక రోగి. ఒంటికి స్ట్రెయిట్ జాకెట్. నేల మీద అటూ ఇటూ దొర్లుతున్నాడు. ఒళ్లంతా బిగబట్టి లాగుతున్నాడు. ఎంత లాగినా అంగీ వదలడం లేదు.

ఆ రాత్రి హుడినీకి నిద్ర పట్టలేదు. కళ్లు మూస్తే అదే గది, అదే అంగీ. తెల్లారాక డాక్టర్ని అడిగి ఒక జాకెట్ సంపాదించాడు. వారం రోజులు దానితోనే కుస్తీ. ఇదంతా తర్వాత ఆయనే రాసుకున్నాడు. చువ్వల వెనకున్న మనిషి ఎవరో, తర్వాత ఏమయ్యాడో మాత్రం రాయలేదు. చూసింది బాధను.. తీసుకెళ్లింది ఆటను. హుడినీ మీద ఎంత అభిమానం ఉన్నా ఈ మాట చెప్పుకోకుండా ముందుకు పోలేం.

అంగీ కుట్టే తీరు

1910లో వచ్చిన తన సంకెళ్ల రహస్యాల పుస్తకంలో హుడినీ ఈ అంగీ ఎలా ఉంటుందో, ఎలా విప్పుకోవాలో దాచకుండా చెప్పేశాడు. గుడ్డ మందపాటి గోధుమరంగు క్యాన్వాసు, లేదంటే ఓడ తెరచాప గుడ్డ. ఇలాంటి క్యాన్వాసు నేతలో పడుగు పోగులు జంటలుగా పోతాయి. పేకను కొట్టి కొట్టి దగ్గర చేస్తారు. గోరు గుచ్చినా దిగదు. లారీల మీద కప్పే పాతకాలపు నూలు తాడ్పత్రి ఎత్తినవాళ్లకు ఆ బరువు తెలుసు.

అంగీకి ముందు వైపు తెరుపు ఉండదు. చొక్కాను వెనక్కి తిప్పి తొడిగినట్టు చేతులు ముందు నుంచి దూర్చి, వీపు మీద మూయాలి. మెడకు వెడల్పాటి తోలు కాలరు. ప్రతి కుట్టు మీదా తోలు పట్టీ వేసి మళ్లీ కుడతారు. ఎందుకంటే గట్టి గుడ్డ చిరిగేటప్పుడు నేత దగ్గర చిరగదు, కుట్టు దగ్గర విచ్చుకుంటుంది. వీపు మీద పైనుంచి కిందికి వరసగా తోలు బెల్టులు, ఉక్కు బకిళ్లు.

అసలు కీలకం చేతుల్లో ఉంది. మామూలు అంగీ చేతికి రెండు నోళ్లు.. చెయ్యి దూరేదొకటి, వేళ్లు బయటికొచ్చేదొకటి. దీనికి ఒకటే నోరు. వేళ్ల వైపు తోలుతో సంచిలా మూసేస్తారు. పైగా మనిషి చెయ్యి కంటే బాగా పొడవు. చేతులు కట్టుకున్నట్టు రొమ్ము మీద మడిపించి, ఆ మూసిన కొసల్ని చెరో వైపు నుంచి వీపు వెనక్కి లాగి, ఒకదాని మీద ఒకటి వేసి బకిల్లో బిగిస్తారు. మనిషి తనను తానే కౌగిలించుకున్నట్టు ఉంటుంది. విడిపించుకోవడానికి కావాల్సిన వేళ్లు సంచిలో, విప్పాల్సిన బకిళ్లు వీపు మీద!

తోలు ఊరికే వేయలేదు. బెల్టులకు పశువు వీపు భాగం తోలే కావాలి. పొట్ట భాగం తోలు సాగుతుంది. కుట్టడానికి మైనం పట్టించిన నార దారం, రెండు సూదులు. ఒకే కన్నంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దూరతాయి. ఒక దారం తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది, మిషన్ కుట్టులా జారిపోదు. కొల్హాపురీ చెప్పులకు 2019లో వచ్చిన జీఐ గుర్తింపులో మన షోలాపూర్ జిల్లా కూడా ఉంది. ఆ చెప్పులు కుట్టేవాళ్లకు తోలు గుణం బాగా ఎరుక. చెమట పడితే మెత్తబడుతుంది, కొద్దిగా సాగుతుంది, ఆరితే మళ్లీ బిర్రబిగుసుకుంటుంది. క్యాన్వాసు తక్కువ, తోలు ఎక్కువ ఉన్న బరువైన అంగీలు ఇంకా కష్టం. గుడ్డ పైనుంచి అయితే లోపలి వేళ్లకు బకిల్ కాస్త తగులుతుంది. మందపాటి తోలు పైనుంచి ఏమీ తెలియదు.

జర్మనీలోని హానోవర్‌లో పోలీసులు తొడిగించిన తోలు, క్యాన్వాసు అంగీ హుడినీని 1 గంట 29 నిమిషాలు ఏడిపించింది. ఆ నొప్పి జన్మలో మరచిపోలేనని ఆయన రాసుకున్నాడు.

దొరికిన సందు

ఇంత పకడ్బందీగా కుట్టినదాంట్లో సందు ఎక్కడుంది? ఊపిరిలో ఉంది. అంగీని ఎంత బిగించినా రొమ్ము పొంగడానికి కాస్త జాగా వదలాలి. వదలకపోతే లోపలి మనిషి చచ్చిపోతాడు. అది ఆసుపత్రి సామాను, ఉరితాడు కాదు. కుట్టినవాడు, బిగించినవాడు తప్పనిసరిగా వదిలిన ఆ కాస్త జాగా మీదే హుడినీ తన విద్యనంతా కట్టాడు. బెల్టులు లాగేటప్పుడు ఊపిరి నిండా పీల్చి రొమ్ము విప్పి నిలబడితే, ఊపిరి వదిలాక ఆ మేరకు గుడ్డ వదులవుతుంది.

తర్వాత పని వరస తప్పకూడదు. మోచేతిని గట్టి ఆధారానికి ఆనించి, బలమంతా పెట్టి కొంచెం కొంచెంగా తల వైపు నెట్టాలి. రెండో చేతి కింది నుంచి తల దూర్చాలి. అలా దూరిస్తే వీపు వెనక్కి బిగిసి ఉన్న చేతులు ముందుకొస్తాయి. అప్పుడు చేతి కొసల బకిళ్లను పళ్లతో విప్పాలి. చేతులు ఇంకా సంచుల్లోనే ఉంటాయి. ఆ సంచుల్లోంచే, గుడ్డ పైనుంచి తడుముతూ వీపు మీద బకిళ్లు ఒక్కొక్కటీ విప్పాలి. ఆపైన అంగీని కాళ్ల కిందికి తొక్కేయడమే. భుజం కీలు ఊడదీసుకుంటాడని జనంలో ప్రచారం ఉండేది. ఆయన రాసిన పద్ధతికి ఆ అవసరం కనపడదు. కావాల్సింది నెట్టే బలం, అంతకంటే ఎక్కువగా ఓపిక. అయిదడుగుల అయిదంగుళాల మనిషి, కండలు మాత్రం ఇనుము.

సెయింట్ జాన్ రోగికి, హుడినీకి తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. రోగి నాలుగు వైపులకూ లాగుతాడు. లాగిన ప్రతిసారీ గుడ్డ ఇంకా బిగుస్తుంది. హుడినీకి దారి తెలుసు, ఊపిరి పట్టే సమయం దొరికింది, చుట్టూ చప్పట్లు ఉన్నాయి, ఎప్పుడు వద్దనుకున్నా విప్పే మనుషులూ ఉన్నారు.

తెర తీసేశాక..

మొదట్లో ఈ ఆట పెద్దగా ఆడలేదు. చేతులు కట్టేసిన హుడినీని తెర వెనక్కి పంపేవారు. కాసేపటికి చెమటలు కారుతూ, జుట్టు చెదిరి, అంగీ చేత్తో పట్టుకుని వచ్చేవాడు. లోపల ఎవరో విప్పి ఉంటారులే అనుకుని జనం లేచిపోయేవాళ్లు. చిట్కా కనిపెట్టింది తమ్ముడు హార్డీన్. అతనూ అదే విద్య మీద బతికేవాడు. బ్రిటన్‌లో ఒకసారి జనం అనుమానపడితే తెర లేకుండా అందరి ముందే స్టేజీ మీద దొర్లుతూ విడిపించుకున్నాడు. హాలు ఊగిపోయింది. అన్నకు కబురందింది. అప్పట్నుంచి హుడినీ కూడా తెర తీసేశాడు. గారడీవాళ్లంతా చేసే పనిని దాచుకుంటే, ఈయన కష్టాన్ని బయటపెట్టి డబ్బు చేసుకున్నాడు.

అప్పటికే యూరప్‌లో పెద్ద పేరు. 1899లో మార్టిన్ బెక్ అనే థియేటర్ల యజమాని ఆదరించాడు, 1900లో లండన్ చేరాడు. ఊరూరా పోలీసుల సంకెళ్లు విప్పేవాడు. 1904 మార్చి 17న లండన్ హిప్పోడ్రోమ్‌లో ఒక పత్రిక ప్రత్యేకంగా చేయించిన సంకెళ్లతో సవాలు చేసింది. గంటకు పైగా పట్టింది. మధ్యలో ఉక్కపోసి, కోటు తీయడానికి సంకెళ్లు విప్పమంటే ఒప్పుకోలేదు. చిన్న చాకు పళ్లతో పట్టుకుని ఒంటి మీది కోటును ముక్కలుగా కోసి పారేశాడు. టైల ఫ్యాక్టరీ కత్తెర ఊరికే పోలేదు!

తర్వాత పాల క్యాను, నీళ్ల పెట్టె వచ్చాయి. వాటి కథ వేరే.

1915 నుంచి అంగీ ఆట వీధికెక్కింది. కాళ్లకు తాడు కట్టి, తలకిందులుగా, భవనం పైనుంచి వేలాడదీసేవారు. కింద వేలాది జనం. రెండు మూడు నిమిషాల్లో అంగీ ఊడి కింద పడేది. చూసేవాళ్లకు ప్రాణం పోయినంత పని. నిజానికి తలకిందులుగా ఉంటే చేతులు వాటి బరువుకు తల వైపే జారతాయి, విప్పిన అంగీ తనంతట తానే కిందికి దిగుతుంది. అలాగని తేలిక కాదు. గాలి వీస్తే గోడకు కొట్టుకోవచ్చు, తలకు రక్తం ఎక్కుతుంది. ఇందులో మా పత్రికల వాళ్లు ఒప్పుకోవాల్సిన ముచ్చట ఒకటుంది. ఆయన ఏరికోరి వేలాడింది ఎక్కువగా పత్రికాఫీసుల భవనాలకే. మరునాడు మొదటి పేజీలో ఫొటో ఖాయం. దమ్మిడీ ఖర్చు లేని ప్రకటన!

1913లో తల్లి పోయింది. ఆ దుఃఖం నుంచి కోలుకోలేదంటారు. చనిపోయినవాళ్లతో మాట్లాడిస్తామనే మీడియంలు అప్పట్లో అమెరికా నిండా ఉండేవారు. గారడీ తెలిసిన కన్ను కదా, వాళ్ల చేతివాటం ఇట్టే పట్టేసేవాడు. 1920ల్లో వాళ్ల గుట్టు బయటపెట్టడమే పనిగా పెట్టుకున్నాడు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కోనన్ డాయల్‌తో స్నేహం కూడా దీనివల్లే చెడింది. నరేంద్ర దాభోల్కర్ పని చూసిన మహారాష్ట్ర జనానికి ఈ తరహా మనిషి కొత్త కాదు.

ఆగలేదు

1926 అక్టోబరు 11న ఆల్బనీలో నీళ్ల పెట్టె ఆటలో చీలమండ విరిగింది. ఆట ఆపలేదు. 22న మాంట్రియల్‌లో, థియేటర్ గదిలో సోఫా మీద పడుకుని ఉండగా కాలేజీ విద్యార్థి ఒకడు వచ్చాడు. పొట్ట మీద ఎన్ని గుద్దులైనా తట్టుకుంటారట కదా అని అడిగి, ఆయన లేచి కండరాలు బిగించేలోపే గుద్దాడు. ఒకటి కాదు, వరసగా. అపెండిక్స్ చెడి ఉందని, నొప్పి గుద్దుల వల్లేననుకుని అశ్రద్ధ చేశాడని ఇప్పటి డాక్టర్లలో చాలామంది అభిప్రాయం. గుద్దు వల్లే అపెండిక్స్ చెడిందనే పాత మాటను వాళ్లు అంతగా నమ్మరు. ఏదేమైనా 104 డిగ్రీల జ్వరంతో డెట్రాయిట్ వెళ్లి ఆ రాత్రి ఆట ఆడాడు. తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లి ఆపరేషన్ చేశారు. అప్పటికే లోపల చీము పాకింది. అక్టోబరు 31న చనిపోయాడు. వయసు 52.

ఆట సామానంతా తమ్ముడు హార్డీన్‌కు దక్కింది. 1945లో చనిపోయే దాకా ఆయన ఆ విద్యను సాగించాడు. అన్న వస్తువుల్లో కొన్ని ఇప్పటికీ మ్యూజియంలలో కనిపిస్తాయి. జనం వాటి ముందు నిలబడి ఫొటోలు దిగుతారు.

అంగీ అసలు ఎవరి కోసం పుట్టిందో వాళ్ల కథ ఇంకోలా నడిచింది. 18వ శతాబ్దం చివర్లో ఇది దయగా వచ్చిన వస్తువు. అప్పటి దాకా రోగుల్ని గోడలకు గొలుసులతో కట్టేసేవారు. 1797లో పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రిలో ప్యుసాన్ అనే ఉద్యోగి గొలుసులు తీయించినప్పుడు, ఆ చోటుకి ఈ అంగీ వచ్చింది. ఇనుము కంటే గుడ్డ మెత్తన కదా అనుకున్నారు. 1839లో లండన్ దగ్గర హాన్‌వెల్‌లో జాన్ కొనోలీ అనే డాక్టర్ అంగీని కూడా తీసేసి, రోగులతో మనుషుల్లా మెలిగితే చాలని చూపించాడు. అంటే సెయింట్ జాన్ కిటికీలోంచి హుడినీ చూసేనాటికే అది లేకుండా ఆసుపత్రి నడపొచ్చని తెలిసి 57 ఏళ్లు. గంటల తరబడి అలా బిగిస్తే చేతులు మొద్దుబారతాయి, పుండ్లు పడతాయి, రక్తం గడ్డకడుతుంది, ఊపిరికే ముప్పు వస్తుంది.

మన దగ్గర అంగీ కంటే గొలుసే ఎక్కువ. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ఆశ్రమం తగలబడినప్పుడు, గొలుసులు వేసి ఉన్న రోగులు కదల్లేక 28 మంది కాలిపోయారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. కట్టి ఉంచడమన్నది రోగికి గానీ పక్కవాళ్లకు గానీ అప్పటికప్పుడు హాని జరిగేలా ఉండి, వేరే దారి లేనప్పుడే. అదీ సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంత సేపే. శిక్షగా గానీ, సిబ్బంది చాలరని గానీ కట్టకూడదు.

ఇంట్లో మనిషి అదుపు తప్పితే తాడు వెతికేముందు 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ అది. డబ్బులక్కర్లేదు. మరాఠీ రాకపోయినా తెలుగులోనే మాట్లాడొచ్చు.